మీ కాలికేం కాలేదు కదా సార్?

షాపులోకి ఎవరు అడుగుపెట్టినా బాబాయ్ ముందు మొహం చూసేవాడు కాదు, కాళ్ళు చూసేవాడు. ఏడో నంబరు, కుడికాలు కాస్త వెడల్పు, మడమ దగ్గర పుండు మానింది ఈమధ్యే, అని లోపల్లోపల అనుకుని, అప్పుడు తలెత్తి "రండి సార్, కూర్చోండి" అనేవాడు. చెప్పులూ బూట్లూ అమ్మే ఆ షాపులో ఆయనది ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసు. పెద్ద ఓనరు పోయాడు, కొడుకు వచ్చి కౌంటర్లో కూర్చున్నాడు. పక్కన పనిచేసేవాళ్ళు ఎందరో వచ్చారు, పోయారు. బాబాయ్ మాత్రం జానెడు ఎత్తు స్టూలు మీద, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చుని, వచ్చినవాళ్ళ పాదాలు చేతుల్లోకి తీసుకుంటూనే ఉన్నాడు. ఓనరు దగ్గర్నుంచి పాత ఖాతాదార్ల దాకా అందరికీ ఆయన బాబాయే.

పని తెలిసిన మనిషి. బూటు తొడిగి, బొటనవేలు ఎక్కడ ఆగిందో పైనుంచి ఒక్కసారి నొక్కి చూసి, "ఇది సాయంత్రానికి కరుస్తుంది సార్, అర నంబరు పెద్దది తెస్తాను" అనేవాడు. ఆయన తెచ్చింది వేసుకున్నవాళ్ళు మళ్ళీ వేరే షాపు గుమ్మం తొక్కేవాళ్ళు కాదు.

ఆ అలవాటు ఇంట్లో కూడా వదిలేది కాదు. కూతురు కాలేజీ నుంచి వచ్చి ఏదో చెబుతుంటే ఆయన చూపు నేల మీదే ఉండేది. "నాన్నా, నా మొహం పైన ఉంది" అని అరిచేది ఆ పిల్ల. ఒకసారి రైల్వే స్టేషనుకు వెళ్ళి, బూట్లు చూసి గుర్తుపట్టి, వరసకు అన్నయ్య అయ్యే మనిషనుకుని ఎవరో ముక్కూమొహం తెలియనివాడి పెట్టె మోసుకుంటూ బయటిదాకా నడిచాడు. ఆ కథ చెప్పుకుని ఇంట్లో ఏడాదిపాటు నవ్వుకున్నారు. ఆయనా నవ్వాడు. ఇంట్లోవాళ్ళు నవ్వితే ఆయనకు ఇష్టమే.

ఇల్లంటే మూడో అంతస్తులో రెండు గదులు. ముందుగదిలో భార్య చిన్నపిల్లలకు ట్యూషన్లు చెప్పేది. బాబాయ్ వచ్చేసరికి పిల్లలు వెళ్ళిపోయేవాళ్ళు. వేణ్ణీళ్ళ బకెట్టులో కాళ్ళు పెట్టుకుని ఆ రోజు షాపులో జరిగినవన్నీ పూసగుచ్చినట్టు చెప్పేవాడు. ఆమె నోటుపుస్తకాలు దిద్దుకుంటూ వినేది. ఆ అరగంట కోసమే ఆయన మిగతా రోజంతా నెట్టుకొచ్చేవాడేమో.

అలా చెప్పినవాటిలోదే తన్ను తిన్న కథ.

ఒక శనివారం షాపు కిటకిటలాడుతోంది. దున్నపోతులాంటి మనిషి ఒకడు వచ్చి ఎనిమిదో నంబరు అడిగాడు. వాడి కాలు తొమ్మిది. బాబాయ్ మెల్లిగా ఆ మాటే అన్నాడు. "నా కాలి సైజు నాకు తెలీదా?" అని వాడు బూటు లాక్కుని కాలు కుక్కాడు. ఇరుక్కుంది. బాబాయ్ వంగి బయటికి లాగబోతే నొప్పెట్టిందో, నలుగురిలో నామోషీ అనిపించిందో, ఉన్న కాలు ఉన్నట్టే విసిరి తన్నాడు. మడమ సరిగ్గా ఛాతీ మీద తగిలింది. బాబాయ్ వెనక్కి వెళ్ళి అట్టపెట్టెల వరస మీద పడ్డాడు. పెట్టెలు ఆయన మీద పడ్డాయి. షాపంతా గప్‌చుప్. ఆయన లేచాడు, కళ్ళజోడు వెతుక్కుని పెట్టుకున్నాడు, మళ్ళీ వచ్చి ఆ మనిషి ముందే కూర్చున్నాడు.

"మీ కాలికేం కాలేదు కదా సార్?" అన్నాడు.

వెటకారం కాదు. భయమూ కాదు. మొదట బుర్రలోకి వచ్చింది కాలే. ముప్పై ఏళ్ళుగా వస్తున్నది అదే.

ఆ సాయంత్రం భార్య ఆయన చొక్కా విప్పించి చూసింది. రూపాయి బిళ్ళలాంటి నల్లటి మచ్చ. మందు రాస్తూ ఏడ్చింది. "ఎవరికీ చెప్పకు, పిల్లకు అసలే చెప్పకు" అన్నాడు ఆయన. "నా నోట్లోంచి రాదు" అంది ఆమె.

ఆమెకు ఒక్కడే తమ్ముడు. సినిమాలకు కామెడీ సీన్లు రాసేవాడు. పేరు వేరేవాళ్ళది పడేది, జోకు వీడిది ఉండేది. మొట్టమొదటిసారి సొంతంగా ఒక కథ చేసుకునే అవకాశం వచ్చి, రాసుకోవడానికి అక్కగారింటికి వచ్చి రెండు నెలలు మకాం వేశాడు. సరదా మనిషి. ట్యూషను పిల్లలకు మిమిక్రీ చేసి చూపించేవాడు, మేనకోడల్ని ఆటపట్టించేవాడు, అక్క వెనకాలే వంటింట్లో తిరుగుతూ ఆమె చేత కబుర్లు చెప్పించుకునేవాడు. జేబులో చిన్న పుస్తకం ఒకటి ఎప్పుడూ ఉండేది.

"బావా, నీ మీదే రాస్తున్నాను" అన్నాడు ఒక రోజు.

"నా మీదేముందిరా రాయడానికి?"

"నీ పని మీద బావా. ముప్పై ఏళ్ళు వంగి కూర్చుని ఇల్లు నిలబెట్టిన మనిషి నువ్వు. జనానికి తెలియొద్దూ?"

బాబాయ్‌కి ఆ రాత్రి అన్నం సయించలేదు, సంతోషంతో.

నెల తిరక్కుండానే సినిమాలో ఆ వేషం వేసే కమెడియన్ షాపుకు వచ్చాడు. మూడు రోజులు టోపీ కళ్ళమీదికి లాక్కుని బాబాయ్ పక్కనే ఇంకో స్టూలు మీద కూర్చున్నాడు. బాబాయ్ దాపరికం లేకుండా నేర్పాడు. "పాదాన్ని పట్టుకోకూడదు సార్, మోయాలి. పసిపిల్ల తల కింద చెయ్యి పెడతాం చూశారా, అట్లా. లేసు లాగేటప్పుడు వాళ్ళ కళ్ళు చూడాలి. నొప్పి నోటికంటే ముందు కళ్ళకు తెలుస్తుంది." కమెడియన్ చెప్పింది చెప్పినట్టు చేశాడు. మూడో రోజు వెళ్తూ వెళ్తూ, "మీ చేతులు బంగారం బాబాయ్" అని భుజం తట్టాడు. ఆ మాట బాబాయ్ ఇంట్లో నాలుగుసార్లు చెప్పాడు. నాలుగోసారి కూతురు, "విన్నాం నాన్నా" అంది.

సినిమా విడుదలైన రోజు మధ్యాహ్నం ఆటకు నలుగురూ వెళ్ళారు. బామ్మర్ది మధ్య వరసలో మంచి సీట్లు పట్టాడు. తెర మీద కమెడియన్ రాగానే, వంగిపోయిన వీపు, దూరంగా జరిగిన మోకాళ్ళు, నేలను వెతుకుతున్న చూపు చూసి హాలు గొల్లుమంది. అందరికంటే ముందు నవ్వింది బాబాయే. నన్ను అచ్చు దింపేశాడే అనుకున్నాడు.

తర్వాత రైల్వే స్టేషను వచ్చింది. పెట్టె మోయడం వచ్చింది. నవ్వు. తర్వాత కూతురు పాదాలతో మాట్లాడటం, "నాన్నా, నా మొహం పైన ఉంది" అనడం. నవ్వు. పక్కన కూతురు ఆయన మోచెయ్యి గిల్లి, "అది నేనే చెప్పాను మామయ్యకి" అంది. మొహం వెలిగిపోతోంది. బాబాయ్ తల ఊపాడు. పాదాన్ని మోయడం ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాడు. వచ్చింది. కమెడియన్ ఒకడి పాదాన్ని పసిపిల్లలా ఎత్తుకుని జోకొట్టాడు. జోలపాట కూడా పాడాడు. హాలు మళ్ళీ గొల్లుమంది.

అప్పుడొచ్చాడు తెర మీద దున్నపోతులాంటి మనిషి.

బాబాయ్ భార్య వైపు తిరిగాడు. ఆమె తెర చూస్తోంది. సినిమాలో ఒక తన్నుతో వదలలేదు, మూడు పెట్టారు. మూడో తన్నుకు కమెడియన్ ఎగిరి బీరువా మీద పడితే పెట్టెలన్నీ వానలా కురిసి, చివర్న ఒక పెద్ద బూటు వచ్చి నెత్తిన టోపీలా కూర్చుంది. దాంతోనే లేచి, కళ్ళజోడు సర్దుకుని, చేతులు నలుపుకుంటూ అన్నాడు: "మీ కాలికేం కాలేదు కదా సార్?"

హాలు బద్దలైంది. ముందు వరసలో ఒకడు లేచి నిలబడి ఈల వేశాడు. వెనక ఎవరికో పొలమారింది. బాబాయ్ చెయ్యి దానంతటది ఛాతీ మీదికి వెళ్ళింది. ఆ నవ్వుల హోరులో ఆయనకు కుడి పక్కనుంచి ఒక నవ్వు విడిగా వినబడింది. ఇరవై మూడేళ్ళుగా తెలిసిన నవ్వు. భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, భుజాలు ఎగిరిపడేలా నవ్వుతోంది.

ఆ తర్వాత సినిమా ఏడిపించే దారి పట్టింది. కూతురికి పట్టా ఇచ్చే రోజున కూడా షాపు వదలని ఆ తండ్రి, స్టూలు మీదే కుప్పకూలిపోతాడు. ఇంటిల్లిపాదీ పరుగెత్తుకొస్తారు. కూతురు ఆయన పాదాలు ఒళ్ళో పెట్టుకుని, "ఇన్నాళ్ళూ ఊరందరి కాళ్ళూ చూశావు నాన్నా, ఒక్కసారి మా మొహాలు చూడు" అంటుంది. ఆయన పని మానేసి ఇంట్లో వాళ్ళ మధ్య కూర్చుంటాడు. తెర నిండా అక్షరాలు పడ్డాయి: ఇంటి కోసమే పని, పని కోసం ఇల్లు కాదు. హాలంతా ముక్కులు చీదుకుంటున్నారు. అసలు కూతురు తండ్రి భుజం మీద తలపెట్టి ఏడ్చింది. భార్య కళ్ళు తుడుచుకుంది. లైట్లు వెలిగేసరికి ఇద్దరూ బామ్మర్దితో ఫొటోలు దిగడానికి ముందుకు వెళ్ళిపోయారు. బాబాయ్ కాలి చెప్పు ఒకటి ముందు సీటు కిందికి జారిపోయింది. మోకాళ్ళ మీద కూర్చుని దానికోసం వెతుకుతూ ఉండిపోయాడు.

ఇంటికొచ్చాక, బామ్మర్దీ కూతురూ కింద ఎవరితోనో మాట్లాడుతుండగా, భార్యను అడిగాడు.

"ఎవరికీ చెప్పనన్నావు."

"వాడు పరాయివాడా? నా తమ్ముడు. ఆ మచ్చ చూసి కడుపు తరుక్కుపోయి చెప్పుకున్నాను. వాడూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు తెలుసా?"

"మరి హాల్లో నవ్వావు."

ఆమె అబద్ధం ఆడే మనిషి కాదు. "అందరూ నవ్వుతుంటే నాకూ నవ్వొచ్చిందండీ. ఏం చెయ్యను?" అంది.

బామ్మర్ది పైకి వచ్చి సంగతి గ్రహించి పక్కన చతికిలబడ్డాడు. "బావా, నవ్వించకపోతే జనం చివరిదాకా కూర్చోరు. చివర్లో అందర్నీ ఏడిపించాను కదా నీ కోసం! చూశావా, ఒక్కడు కుర్చీలోంచి లేచాడా?"

ఆ రోజు నుంచి బాబాయ్ వేణ్ణీళ్ళలో కాళ్ళు పెట్టుకుని ఊరికే కూర్చునేవాడు. "ఏమిటి ఇవాళ విశేషాలు?" అని భార్య అడిగితే, "ఏమున్నాయి" అనేవాడు. పేరొచ్చేసరికి గొప్పలు నేర్చాడు అనుకుంది ఆమె.

సినిమా బ్రహ్మాండంగా ఆడింది. బావే దీనికి మూలం అని బామ్మర్ది పత్రికల్లో చెప్పాడు, షాపు పేరుతో సహా. రెండో వారం నుంచి జనం రావడం మొదలైంది. "ఆ డైలాగు చెప్పు బాబాయ్" అని ఫోన్లు ఎత్తిపట్టుకునేవాళ్ళు. మొదటిరోజు ఆయన విననట్టు ఊరుకున్నాడు. ఓనరు కౌంటర్లోంచి వచ్చి చెవిలో, "చెప్పు బాబాయ్, నీ సొమ్మేం పోయింది?" అన్నాడు. చెప్పాడు. చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత ఊరికే చెబితే చాలలేదు. కూర్చున్నవాడు కాలు ఎత్తి ఛాతీకి ఆనించి మెల్లిగా నెట్టాలి, ఆయన వెనక్కి ఒరిగి ఖాళీ పెట్టెల మీద పడాలి, లేచి అనాలి. ఓనరు ఖాళీ పెట్టెలు ప్రత్యేకంగా పేర్పించాడు, వెనక ఒక పరుపు ముక్క వేయించాడు. "దెబ్బ తగలకూడదు కదా బాబాయ్, నువ్వు మాకు ముఖ్యం" అన్నాడు. గుమ్మం పక్కన బోర్డు పెట్టించాడు: అసలు బాబాయ్ ఇక్కడే.

రోజుకు ఇరవైసార్లు, ముప్పైసార్లు పడేవాడు. కొందరు పసిపిల్లల్ని తెచ్చి, వాళ్ళ కాలు పట్టుకుని ఆయన ఛాతీకి కొట్టించేవాళ్ళు. పడి లేచినప్పుడు ఎదురుగా ఉన్న పాదం చూసి, దీనికి ఆరో నంబరు బాగుంటుంది అనుకునేవాడు. కొనేవాళ్ళు తక్కువ.

ఒక ఆదివారం నలుగురు స్నేహితులు వచ్చారు. వాళ్ళలో ఒకడు, ఫోను సరిగ్గా పట్టలేదని మళ్ళీ చెయ్యమన్నాడు. రెండోసారి నిజంగానే తన్నాడు. పరుపు పక్కకు జరిగి ఉంది. బాబాయ్ వీపు స్టూలు అంచుకు తగిలింది. లోపల ఏదో ఎండుపుల్లలా చిటుక్కుమంది. ఆయన లేవలేకపోయాడు. పడుకునే ఉండి, నోరు తెరిచి గాలి కోసం వెతుక్కుంటుంటే, చుట్టూ మూగినవాళ్ళు డైలాగు కోసం ఎదురుచూశారు.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసేవాడు ఆయన్ని ఇటూ అటూ తిప్పుతూ మొహం పోల్చుకున్నాడు. "ఎక్కడ దెబ్బ?"

"పక్కటెముక దగ్గర."

"అయితే కాలికేం కాలేదు కదా సార్?" అని వాడు విరగబడి నవ్వి, బయట ఉన్న నర్సును కూడా పిలిచాడు.

ఒక ఎముక చిట్లింది. మూడు వారాలు కదలొద్దన్నారు. నాలుగో వారం బాబాయ్ గడ్డం గీసుకుని, చొక్కా టక్ చేసుకుని షాపుకు వెళ్ళాడు. ఆయన స్టూలు మీద ఎవరో కూర్చుని ఉన్నారు. నలభై ఏళ్ళ మనిషి, ఏదో మిమిక్రీ ట్రూపులోవాడు. వంగిన వీపు, దూరంగా జరిగిన మోకాళ్ళు, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు. జనం చుట్టూ మూగి ఉన్నారు.

ఓనరు ఆయన్ని పక్కకు తీసుకెళ్ళాడు. "ఏమీ అనుకోకు బాబాయ్. జనం వచ్చేది సినిమాలో బాబాయ్ కోసం. నువ్వేమో గట్టిగా మాట్లాడవు, పడితే నవ్వు రావట్లేదు, జాలేస్తోంది. వీడు చూడు. నిజం చెప్పనా? నీకంటే వీడే నీలా ఉన్నాడు."

బాబాయ్ గుమ్మం దగ్గర కాసేపు నిలబడి చూశాడు. వాడు ఒకావిడ కాలు చీలమండ దగ్గర గట్టిగా ఒడిసిపట్టుకున్నాడు. అక్కడ పట్టుకుంటే నరం నొక్కుకుంటుంది. ఆమె నొప్పితోనే నవ్వుతోంది.

సినిమాలో తండ్రి పని మానేసి ఇంట్లో కూర్చున్నాడు, అందరూ చుట్టూ చేరారు, అక్కడితో అయిపోయింది. ఇక్కడ మర్నాడు కూడా వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. రెండు గదుల్లో ఆయన ఎక్కడ కూర్చున్నా ఎవరికో అడ్డమే. ట్యూషను పిల్లలు ఆయన్ని చూసి పుస్తకాల వెనక దాక్కుని కిసకిసలాడేవాళ్ళు. "కాసేపు అలా బయట తిరిగి రండి, పిల్లలు చదవట్లేదు" అనేది భార్య. కూతురు స్నేహితురాళ్ళు వస్తే, "ఒక్కసారి చెప్పు నాన్నా, ప్లీజ్, వీళ్ళు నమ్మట్లేదు" అని కూతురు బతిమాలేది. చెప్పేవాడు. ఆ తర్వాత వెళ్ళి వంటింట్లో నిలబడేవాడు, ఎందుకొచ్చాడో తెలియనట్టు.

ఊళ్ళో ఉన్న చెప్పుల షాపులన్నీ తిరిగాడు. మూడు చోట్ల నవ్వారు. ఒక చోట ముసలి ఓనరు టీ ఇప్పించి, "నీ పనితనం నాకు తెలుసు. కానీ నిన్ను పెట్టుకుంటే నా షాపు సర్కస్ అవుతుంది" అన్నాడు.

సినిమా వంద రోజులు పూర్తి చేసుకుంది. పెద్ద ఫంక్షను పెట్టారు. దానికి రెండు రోజుల ముందు బామ్మర్ది కొత్త బూట్ల జతతో వచ్చాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బామ్మర్దికి కుర్రతనంలో మోటారుసైకిలు ప్రమాదం జరిగి, ఎడమకాలు కుడికాలి కంటే అంగుళం పొట్టిదైంది. ఇంట్లోవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. పదిహేనేళ్ళుగా బాబాయ్ వాడి ప్రతి ఎడమ బూటులోనూ కార్కు ముక్క చెక్కి, తోలు అతికించి, ఎత్తు సరిచేసి ఇస్తున్నాడు. అది వేసుకుంటే వాడు నిటారుగా నడిచేవాడు. "బావా, మా ఫీల్డులో ఇది తెలిస్తే నన్ను బతకనివ్వరు, జోకులతోనే చంపేస్తారు" అని మొదటిసారి వచ్చినప్పుడు వాడు ఏడ్చాడు. బాబాయ్ ఎక్కడా నోరు విప్పలేదు, షాపులో కూడా.

"స్టేజీ ఎక్కాలి బావా, కాస్త జాగ్రత్తగా చెయ్యి" అని బూట్లు ఇచ్చి, అక్క ఇచ్చిన కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం భార్య పడుకున్నాక, బాబాయ్ కత్తీ, జిగురూ, తోలూ తీసుకుని నేల మీద కూర్చున్నాడు. కార్కు పలక పక్కనే ఉంది. ఆయన దాన్ని ముట్టుకోలేదు. పాత కుర్చీ దిండులోంచి స్పాంజి కోశాడు. దాని అడుగున పలచటి అట్ట వేశాడు, పైన తోలు బిగించి అంటించాడు. పైకి తేడా ఏమీ తెలియదు. వేసుకున్నప్పుడూ తెలియదు. కాసేపు బరువు మోస్తుంది, కూర్చున్నంతసేపూ బాగానే ఉంటుంది. లేచి పావుగంట నిలబడితే మడమ దగ్గర అణిగిపోతుంది. అలా ఎంతసేపు పడుతుందో లెక్క కట్టగలిగినవాడు ఊరు మొత్తం మీద ఆయనొక్కడే. కుట్టు ఎప్పటికంటే అందంగా వచ్చింది.

ఫంక్షనులో బాబాయ్ కుటుంబాన్ని మొదటి వరసలో కూర్చోబెట్టారు. బామ్మర్ది కొత్త బూట్లతో రాజాలా నడిచి వచ్చి స్టేజీ ఎక్కాడు. మైకు ముందు నిలబడి చాలాసేపు మాట్లాడాడు. కుటుంబం గురించి, చెమట గురించి, "మా బావ" గురించి. "ఇవాళ మా బావ పని మానేసి హాయిగా ఇంట్లో కూర్చున్నాడంటే దానికి ఈ సినిమాయే కారణం" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. అది నిజమే అనుకున్నాడు బాబాయ్.

షీల్డు అందుకోవడానికి బామ్మర్ది స్టేజీ అవతలి కొసకు నడవాల్సి వచ్చింది. మొదటి అడుగు బాగానే పడింది. రెండో అడుగుకు ఎడమ భుజం కిందికి దిగింది. మూడో అడుగుకు మనిషే ఒక పక్కకు ఒరిగాడు. హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. ఈయనేదో కొత్త కామెడీ నడక చూపిస్తున్నాడనుకున్నారు. నవ్వు వరసల వెంట పాకింది. బామ్మర్ది ఆగాడు. మొహం పాలిపోయింది. ఇంకా పదడుగుల దూరం ఉంది. వెయ్యి మంది చూస్తున్నారు. వాడు ఒక్క క్షణం కళ్ళు మూసుకుని, అప్పుడు ఆ కుంటును రెండింతలు చేశాడు. చేతులు ఊపుకుంటూ, తల తిప్పుకుంటూ, ఎగిరెగిరి నడిచాడు. జనం ఈలలు వేశారు. కమెడియన్ వెనకాలే చేరి అదే నడక నడిచి చూపించాడు. "మళ్ళీ, మళ్ళీ" అని అరిచారు. వాడు మళ్ళీ నడిచాడు.

బాబాయ్ నవ్వాడు. మొదట ముక్కుతో, తర్వాత నోటితో, తర్వాత చిట్లిన ఎముక పోటు పెడుతున్నా ఆపుకోలేక ఒళ్ళంతా కుదిపేసుకుంటూ నవ్వాడు.

భార్య ఆయన చెయ్యి పట్టుకుని లాగింది. "ఏమిటా నవ్వు? వాడు నిజంగా కుంటుతున్నాడు, తెలియడం లేదా?"

"అందరూ నవ్వుతుంటే నాకూ నవ్వొచ్చింది" అన్నాడు బాబాయ్.

ఆమె చెయ్యి వదిలేసింది.

మర్నాడు పొద్దున్నే బామ్మర్ది వచ్చాడు. గుమ్మంలో బూట్లు విప్పి, ఎడమ బూటు చేత్తో పట్టుకుని, కుంటుకుంటూ లోపలికొచ్చి బాబాయ్ ఎదురుగా కూర్చున్నాడు. భార్య, కూతురు తలుపు దగ్గర నిలబడ్డారు.

"ఏం పెట్టావు బావా దీంట్లో?"

"స్పాంజి."

"ఎందుకు?"

బాబాయ్ బూటు అందుకుని, అణిగిన చోట వేలితో నొక్కి చూశాడు. చాలా చెప్పొచ్చు. మూడు నెలలుగా మాట్లాడాల్సినవన్నీ ఉన్నాయి.

"అడగొచ్చుగా బావా" అన్నాడు బామ్మర్ది. "నన్ను తిట్టొచ్చుగా. కొట్టొచ్చుగా. పదిహేనేళ్ళు నేను నీ చేతుల మీద నడిచాను."

వాడు నిజంగానే ఏడుస్తున్నాడు. బాబాయ్‌కి ఆ ఏడుపు చూస్తే జాలి కలిగింది, చేసిన పనికి పశ్చాత్తాపం మాత్రం కలగలేదు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. వాడు వెళ్ళాక మెట్ల మీద ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు మెల్లిగా దిగుతున్న చప్పుడు కిందిదాకా వినబడింది. కూతురు తండ్రి వైపు చూసి, "నువ్వు ఇంత దుర్మార్గుడివనుకోలేదు నాన్నా" అని లోపలికి వెళ్ళిపోయింది. భార్య ఏమీ అనలేదు. ఆ రోజే కాదు, ఆ తర్వాత ఏడు నెలలు ఏమీ అనలేదు. కంచం పెట్టేది, తీసేది.

ఆ ఏడు నెలల్లో బాబాయ్‌కి ఊరి చివర బూట్ల ఫ్యాక్టరీ గోడౌనులో పని దొరికింది. కుడీ ఎడమా సరిచూసి, జత కట్టి, పెట్టెలో పెట్టడం. వాటిలో కాళ్ళు ఉండవు. సూపర్‌వైజరు ఒకావిడ. ఆయనెవరో ఆమెకు తెలియదు, తెలుసుకునే తీరికా లేదు. రోజుకు నాలుగు వందల జతలు. వీపు ఇంకా వంగింది.

ఒక రోజు భోజనాల వేళ క్యాంటీనులో టీవీ మోగుతోంది. తలెత్తి చూస్తే బామ్మర్ది. స్టూడియోలోకి నడిచొస్తున్నాడు, మామూలు బూట్లతో, బాహాటంగా కుంటుతూ. యాంకరమ్మ ఎంతో గౌరవంగా లేచి నిలబడింది. ఇన్నేళ్ళూ ఎందుకు దాచారు, ఇప్పుడెలా బయటపెట్టగలిగారు అని అడిగింది.

"మా బావ వల్ల" అన్నాడు వాడు. కాసేపు ఆగాడు. ఎక్కడ ఆగాలో వాడికి బాగా తెలుసు. "నా బూటులో ఎత్తు పెట్టిచ్చేది ఆయనే. ఒక రోజు దాన్ని తీసేశాడు. ఎందుకు తీశావు బావా అంటే, ఒరేయ్, నువ్వు ఉన్నట్టే నడువు, నీవాళ్ళెవరూ నిన్ను చూసి సిగ్గుపడరు అని నన్ను దగ్గరికి తీసుకున్నాడు. చదువుకున్నవాడు కాదండీ. చెప్పుల షాపులో పనిచేసిన మనిషి."

యాంకరమ్మ కళ్ళు ఒత్తుకుంది. కొత్త సినిమా దీని మీదేనట. ఇంటిల్లిపాదీ నవ్వి నవ్వి ఏడుస్తారట. కుంటి బామ్మర్ది వేషం ఆ కమెడియనే వేస్తున్నాడట.

పక్కన కూర్చున్న ప్యాకింగువాడు చెంచా పక్కన పెట్టి, "అలాంటి బావ దొరకాలంటే పెట్టిపుట్టాలి" అన్నాడు.

"ఊఁ" అన్నాడు బాబాయ్.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి తలుపు ముందే తీసి ఉంది. భార్య ఎదురొచ్చి సంచీ అందుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కూతురు మంచం మీద జరిగి చోటిచ్చింది.

"టీవీలో చూశాను" అంది భార్య. ఏడు నెలల తర్వాత ఆమె గొంతు కొత్తగా, కాస్త బొంగురుగా వినిపించింది. "వాడితో అలా అన్నారా మీరు? మా ముందు ఒక్క ముక్క చెప్పలేదేం? నేనేమో పగబట్టి చేశారనుకున్నాను. ఎన్నెన్ని అనుకున్నానో మనసులో."

ఆయన ఆమె మొహం చూశాడు. బుగ్గలు లోపలికి పోయాయి. నుదుటి దగ్గర జుట్టు తెల్లబడింది, ఎప్పుడు తెల్లబడిందో గమనించలేదు. అలాంటిదేమీ అనలేదని, స్పాంజి కోస్తున్నప్పుడు తనకు చాలా హాయిగా ఉందని చెప్పొచ్చు. చెబితే మళ్ళీ కంచం పెట్టడం, తీయడం.

"చెప్పండి, అన్నారా?"

"అన్నాను" అన్నాడు బాబాయ్.

ఆమె ఆయన చేతులు రెండూ పట్టుకుంది. కూతురు వెనకనుంచి మెడ చుట్టూ చేతులు వేసి, "సారీ నాన్నా" అంది. "మామయ్య ఫోన్ చేశాడు. మొదటి ఆటకు నలుగురం కలిసి వెళ్దాం అన్నాడు. ఈసారి స్టేజీ మీద నీ చేత మాట్లాడిస్తాడట. ఏం మాట్లాడాలో తనే రాసిస్తానన్నాడు."

"సరే" అన్నాడు ఆయన.